తడి పొయ్యి ముందు సూ షీ

కొలువులో ఉన్నంతకాలం కన్ఫ్యూషియస్, కొలువు పోయాక దావో, చావు దగ్గరపడ్డాక బుద్ధుడు. చైనావాళ్ళ మనసును ఇలా వంతులవారీగా పంచి చెప్పడం చాలాకాలంగా ఉన్నదే. నాకు ఆ లెక్క ఎన్నడూ నచ్చలేదు. ఆ ముగ్గురూ ఒకే మనిషిలో, ఒకే పూట ఎలా మసలుతారో చూపించడానికి 2 మీటర్ల పొడవు, జానెడున్నర వెడల్పు ఉన్న ఒక్క కాగితం చాలు. పదకొండో శతాబ్దపు చైనా కవి, కొలువు ఉద్యోగి సూ షీ తన చేత్తో రాసుకున్న హన్‌షీ పద్యాలు దాని మీద ఉన్నాయి.

1079లో, పద్యాల్లో ప్రభుత్వాన్ని ఎద్దేవా చేశాడన్న నేరం మోపి సూ షీని చెరలో పెట్టారు. ప్రాణం దక్కింది కానీ హ్వాంగ్‌జౌకు పంపేశారు. పేరుకు ఒక ఉద్యోగం ఉంది, అధికారం లేదు, జీతమూ లేనట్టే. నెల మొదట్లో 4,500 నాణేలను 30 వాటాలుగా కట్టి దూలానికి వేలాడదీసేవాడు. పొద్దున్నే ఒక వాటా కర్రతో దించుకుని, వెంటనే ఆ కర్రను దాచేసేవాడు. ఏ రోజైనా ఏమైనా మిగిలితే అది వెదురు గొట్టంలోకి, వచ్చే అతిథుల కోసం. ఊరికి తూర్పున బీడు పడ్డ వాలు నేలను బాగుచేసి పైరు వేశాడు. 'తూర్పు వాలు గృహస్థుడు' అన్న అర్థంలో దోంగ్‌పో అని పేరు పెట్టుకున్నాడు. ఒకటి రెండు రోజులకోసారి ఆన్‌గువో ఆలయానికి వెళ్ళి ధూపం వేసి మౌనంగా కూర్చునేవాడు. దుక్కి దున్నే చేయి, ధ్యానం చేసే మనసు, రాజు మీద చెదరని విధేయత అన్నీ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి.

1082 వసంతంలో వాన పట్టుకుని వదల్లేదు. హన్‌షీ పండుగ వచ్చింది. ఆ రోజు పొయ్యి ముట్టించరు, చల్లటి తిండే తింటారు. ప్రభువు పిలిచినా రాక అడవి మంటల్లో ఆహుతైన జియే జితుయ్‌ని తలుచుకునే రోజని చెప్పుకుంటారు. పెద్దల సమాధులు శుభ్రం చేసి కాగితపు డబ్బు కాల్చే వేళ కూడా అదే.

ఇప్పుడు ఆ కాగితం మీది రాతను చూడండి. మొదటి పద్యంలో అక్షరాలు ఒద్దికగా, చిన్నగా నడుస్తాయి. బురదలో రాలిన పూల గురించి చెబుతున్నప్పుడూ గొంతు పెరగదు. ఒకచోట తప్పుపడిన అక్షరం పక్కన చుక్కలు పెట్టి కొట్టేశాడు. వదిలేసిన మరో అక్షరాన్ని సన్నగా ఇరికించాడు. కాగితం మార్చి మళ్ళీ రాయాలని అనుకోలేదు. రెండో పద్యంలో వరద గుమ్మం దాకా వస్తుంది, ఇల్లు పడవలా ఊగుతుంది. అక్కడ కుంచె బరువెక్కుతుంది. విరిగిన పొయ్యి, తడి రెల్లు అనే చోట అక్షరాలు ఉబ్బి నల్లబడతాయి. కాకి నోట కరుచుకున్న కాగితాన్ని చూసి, ఈ రోజు హన్‌షీ కదా అని అతనికి తడుతుంది. 'కాగితం' అన్న అక్షరం నిలువు గీతను నిట్టనిలువునా కిందికి లాగేశాడు. ఆ వరుసలో దాని కింద ఇంకో అక్షరం లేదు. ఆ గీత దగ్గర నా కళ్ళు ప్రతిసారీ ఆగిపోతాయి. ఏడవని మనిషి ఏడుపు అది.

ఆ తర్వాత వచ్చే మాటలు రాజుగారి వాకిలి ఎంత దూరమో, తల్లిదండ్రుల సమాధులు ఎంత దూరమో చెబుతాయి. కన్ఫ్యూషియస్ బిడ్డకు అంతకు మించిన గాయాలు లేవు. ఆ దుఃఖాన్ని ముగించే చల్లారిన బూడిద మాత్రం దావో తాత్త్వికుడు జువాంగ్‌జి చెప్పిన బూడిదే. ఆ బూడిదను ఊదినా నిప్పు రాజుకోదంటున్నవాడు ఆలయంలో కళ్ళు మూసుకుని కూర్చోవడం నేర్చినవాడు. ఏ మాట ఎవరిదో విడదీయబోతే పద్యం చేతిలోంచి జారిపోతుంది. కరుణ శాంతంగా మారకుండానే శాంతాన్ని తాకి నిలబడే ఇలాంటి చోటు నాకు మరెక్కడా దొరకలేదు.

శిష్యసమానుడైన హ్వాంగ్ తింగ్‌జియాన్ ఈ కాగితం చివర తన మాట రాశాడు. మళ్ళీ రాయమంటే దోంగ్‌పో కూడా ఈ ఎత్తు అందుకోలేకపోవచ్చు అన్నది ఆ మాట సారం. కవులు ఒకరినొకరు మెచ్చుకునే రివాజు మెప్పు కాదది, నిజం.

చైనా ఇళ్ళలో సూ షీ ఇంకా ఉన్నాడు. చిన్న మంట మీద, తక్కువ నీళ్ళతో, తొందరపడకుండా వండే పంది మాంసానికి అతని పేరే. హాంగ్‌జౌ సరస్సులో అతను వేయించిన కట్ట మీద జనం ఇప్పటికీ నడుస్తారు. హన్‌షీ కాలక్రమంలో ఛింగ్‌మింగ్‌లో కలిసిపోయింది. ఏటా ఏప్రిల్ మొదటి వారంలో కుటుంబాలు సమాధుల దగ్గరికి వెళతాయి. ఒకే ఇంట్లోవాళ్ళు ఆ రోజు పితృభక్తితో మొక్కుతారు, కాగితాలు కాలుస్తారు, బుద్ధుడి పేరు తలుస్తారు. ఇందులో ఏది ఏ మతమని వాళ్ళను అడిగితే ప్రశ్నే అర్థం కాదు.

1923 టోక్యో భూకంపం మంటల్లోంచి, అప్పటికి జపాన్ చేరి ఉన్న ఈ కాగితాన్ని ఒకాయన బయటికి తెచ్చాడు. ఇప్పుడు తైపే నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. అన్నివేళలా ప్రదర్శనలో ఉంచరు, కాబట్టి వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కుని వెళ్ళండి. వెళ్ళలేనివాళ్ళు కనీసం ఒక మంచి ఫొటో సంపాదించి, చైనా లిపి రాకపోయినా సరే, కుడి నుంచి ఎడమకు, పైనుంచి కిందికి ఆ కుంచె వెంట నడిచి చూడండి.