కరువు డబ్బు, కాగితం, కూలి

పొదిలి ప్రాంతంలో పంట పోయిందంటే ఎవరికి పోయినట్టు? ప్రభుత్వ ఉత్తర్వులకు ఈ ప్రశ్న రాదు. వాటి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: 'రైతుకు'. ఆ మాట చూడ్డానికి కులం లేనట్టే ఉంటది. మేము దాన్ని కొంచెం గీకి చూడదలిచాం.

కరువొచ్చినా తుఫానొచ్చినా ఇచ్చే సాయాన్ని 'పెట్టుబడి రాయితీ' అంటారు. పేరులోనే తీర్పుంది. డబ్బు పెట్టి కొన్న విత్తనం, ఎరువు, మందు పోతేనే నష్టం. ఒళ్లు పెట్టింది లెక్కలోకి రాదు. 2022–26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు నిబంధనల్లో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000 రూపాయలు. పంట 33 శాతమన్నా పోవాలి, రెండు హెక్టార్ల వరకే ఇస్తారు. కొలతంతా నేలకే. వానకు మిరప తాలై కోత ఆగిపోతే, కోతకు పోయే మాదిగపల్లె ఆడమనిషికి పోయిన కూలిని రాసే గడి ఆ పట్టికలో లేదు. ఆమెకు భూమి లేదు కాబట్టి పంటనష్టమూ లేదు! జరుగుబాటు లేని కుటుంబాలకు ఉచిత సాయమని వేరే పద్దుంది. అది దయ పద్దు, పరిహారం పద్దు కాదు. ఉపాధి హామీ కింద కరువు మండలాల్లో 50 రోజుల పని అదనంగా ఇచ్చిన ఏడాదులున్నాయి. అంటే ఆమె నష్టానికి జవాబు మళ్లీ పలుగూ పారే.

ఇక కౌలు. మాల మాదిగలు చేసే కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తది. 2011 చట్టం యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డుకు దారి చూపింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద ఆ సంతకం అడిగింది. పేరు హక్కు, అర్థం అనుమతి. ఆ సంతకం కోసం ఎవరి గడప ముందు, ఎంత దూరాన నిలబడాలో చట్టం రాసినవాళ్లకు తెలియదనుకోం. 1985లో కారంచేడు జరిగింది అప్పటి ప్రకాశం జిల్లాలోనే (ఇప్పుడది బాపట్ల జిల్లా). ఈ-పంటలో సాగుచేసేవాడి పేరే రాయించుకోవచ్చు కదా అంటారు. రాయించుకోవచ్చు. వచ్చే ఏడు ఆ చేను దక్కుతుందా అన్నదే భయం.

మనిషి చచ్చాక కూడా కాగితమే అడుగుతారు. 2004 జూన్ నాటి జీవో 421 రైతు ఆత్మహత్యకు లక్షన్నర ప్రకటించింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి అది 'నిజమైనదా' తేల్చాలి. కౌలుదారు అప్పు బ్యాంకులో ఉండదు, మందుల కొట్లో ఉంటది. నోటు ఉన్నా కొట్టు యజమాని బీరువాలో ఉంటది. సాయం 2015లో 5 లక్షలైంది, 2019లో 7 లక్షలైంది. 'రైతు' అన్న మాట మాత్రం కూలిదాకా సాగలేదు. జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కలో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న రైతులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. కూలి చావును విచారించే పని ఆ ముగ్గురికీ జీవో అప్పజెప్పలేదు.

నష్టం రాసేటప్పుడు అడంగల్ పక్కన కోత కూలీల జాబితా కూడా పెట్టాలని మేము అడుగుతున్నాం. కౌలుకు ఇరుగుపొరుగు చేల వాళ్ల సాక్ష్యం చాలాలి. ఆ సాక్ష్యం మోతుబరి అరుగు మీద కాదు, పల్లెలోకొచ్చి తీసుకోవాలి.