హాస్యవిభావమున కరుణము: 'లేడీ ఆరకిల్' నవల

కెనడాదేశపు రచయిత్రి మార్గరెట్ ఆట్వుడ్ 1976వ సంవత్సరమున ప్రకటించిన 'లేడీ ఆరకిల్' నవలకు నాయిక జోన్. టొరంటో నగరమున ఆమె బాల్యకౌమారములు తల్లితోడి కలహముననే గడచినవి. కూతురు కృశాంగి కావలెనని తల్లి పట్టు. తినుటయే కూతురి ప్రతీకారము. ఆ యింట భోజనము ఆకలికి గాక, ఆడరాని మాటకు బదులుగా నిలిచినది.

వికృతాకారము హాస్యమునకు విభావమని ఆలంకారికుల మతము. నృత్యప్రదర్శనమున సీతాకోకచిలుక వేషమునకై ఉవ్విళ్లూరిన బాలికకు, స్థూలకాయ యగుటచే, కలరా ఉండ వేషము కట్టించిరి. సభవారు నవ్విరి, బాలిక రోషమున గంతులిడెను. ఒక్క విభావమే సభాసదులకు హాస్యమును, పాఠకునకు కరుణమును కలిగించుట ఈ ఘట్టమున విశేషము.

100 పౌనుల బరువు తగ్గినచో జోనునకు 2000 డాలర్లు చెందునని లూ అత్త మరణశాసనము వ్రాసెను. కూతురు చిక్కుచుండగా తల్లి సంతసింపలేదు; తీపివంటలు చేసి యెదుట నుంచెను; తుదకు కత్తితో ఆమె చేతిని పొడిచెను. కోరినది ఫలించుచుండగా కోపమేల? కలహము దేహభారమును గూర్చినది కాదు, దేహముపై స్వామ్యమును గూర్చినది. నవలకు కీలక మిదియే.

సన్నగిల్లిన పిమ్మటను పూర్వరూపము జోను మనస్సును వీడలేదు. ఉత్తరభాగమున మరణము నటించి ఇటలీకి పాఱిపోవుట మొదలగు కల్పనలు ప్రధానార్థమును కొంత పలుచన చేసినవి. అయినను తల్లిని కేవలము క్రూరురాలిగా గాక దుఃఖితగా చూపుటచే కరుణము చెడలేదు.