ఛందోబోధనలో అంతర్జాల సాధనాలు: ఒక తరగతిగది అనుభవం – విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

అభ్యాసకుడు ఇచ్చినదానికి వెంటనే బదులిచ్చే అంతర్జాల సాధనాలు తెలుగు తరగతిగదిలో ప్రవేశించాయి. ఛందోబోధనలో వాటి వినియోగాన్ని, నాగోల్ ప్రాంతంలోని ఒక డిగ్రీ తరగతి అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గణించే పనిని సాధనానికి అప్పగించవచ్చు. పదవిభాగాన్ని, సంధిని, అన్వయాన్ని నిర్ణయించే బాధ్యత చదువరిదే. కాబట్టి సాధనం చూపే ఫలితంతో పాఠం ముగియరాదని, విద్యార్థి చేసిన గణవిభజనకూ ఆ ఫలితానికీ మధ్య కనిపించే భేదం నుంచి చర్చ మొదలుకావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఛందస్సు, గణవిభజన, యతి, సంధి, అంతర్జాల సాధనాలు, మూల్యాంకనం.

1. ప్రవేశిక

కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణ పాఠశాల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాల ప్రసారం ప్రారంభమైంది. ఆ పాఠాలు ఇంటింటికీ చేరాయి. అయితే ప్రసారం ఏకముఖమైనది. అర్థం కాని చోట ఆగి ప్రశ్నించే వీలు అందులో ఉండదు. కళాశాలల్లో జూమ్, గూగుల్ మీట్ తరగతులు కొంతవరకు ఈ లోటును తీర్చాయి. తరగతిగదులు తిరిగి తెరుచుకున్న తరువాత కూడా ఆనాటి అలవాట్లలో కొన్ని నిలిచాయి. ఫోనులో జవాబిచ్చే ప్రశ్నావళులు, అందరూ కలిసి రాసే పత్రాలు, పదాన్ని టైపు చేయగానే అర్థం చూపే నిఘంటువులు నేడు బోధనలో భాగమయ్యాయి.

నాగోల్ మెట్రో మార్గానికి ఒక చివర ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు కాలనీల నుంచి ఇక్కడి కళాశాలలకు వచ్చేవారిలో చాలామంది ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు. డిగ్రీలో తెలుగును ద్వితీయభాషగా తీసుకున్న ఈ విద్యార్థులకు పద్యం కంటే ముందు పద్యం చదవడమే పరీక్ష. ఫోను లేని విద్యార్థి ఈ తరగతిలో అరుదు. తోటివారి ఎదుట పద్యాన్ని బిగ్గరగా చదవడానికి ముందుకు వచ్చే విద్యార్థి మరింత అరుదు. ఈ స్థితిలో అంతర్జాల సాధనం ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది ప్రస్తుత పరిశీలనాంశం.

2. సాధనాల స్వభావం

ఛందోబోధనకు ఉపకరించే సాధనాలను మూడు వర్గాలుగా విభజించవచ్చు. మొదటివి వెతికిపెట్టేవి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌణ్య నిఘంటువు వంటివాటిని ఒకేచోట శోధించే వీలు కల్పించిన ఆంధ్రభారతి ఇందుకు ఉదాహరణ. రెండవవి గణించేవి. మిరియాల దిలీప్ రూపొందించిన ‘ఛందం’ ఈ కోవకు చెందుతుంది. పద్యాన్ని ఇస్తే గురులఘువులను గుర్తించి, గణవిభజన చేసి, యతిప్రాసలను పరిశీలించి, ఛందస్సు పేరును సూచిస్తుంది. మూడవవి పరీక్షించేవి. అధ్యాపకుడు ముందుగా ఇచ్చిన సమాధానాలతో విద్యార్థి జవాబులను పోల్చి మార్కులు వేసే ప్రశ్నావళులు ఈ వర్గంలోనివి.

బదులిచ్చే సాధనం అనే భావన తెలుగు చదువుకు కొత్తది కాదు. ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రం అలాంటిదే. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు పలికితే ఆ గణ స్వరూపం తెలుస్తుంది. ‘యమాతా’ అన్నప్పుడు ఒక లఘువు, రెండు గురువులు వినిపిస్తాయి, అదే యగణం. ఇక్కడ అడిగేదీ, బదులిచ్చేదీ విద్యార్థి నోరే. తెరపై సాధనం వచ్చేసరికి బదులు బయటినుంచి వస్తుంది. ఈ మార్పు వల్ల కలిగే లాభనష్టాలను విడదీసి చూడవలసి ఉంది.

3. కీబోర్డు నేర్పే పాఠం

గణించే సాధనాన్ని వాడాలంటే ముందు పద్యాన్ని టైపు చేయాలి. ఈ దశను సాధారణంగా ఎవరూ పాఠంగా పరిగణించరు. ‘లేఖిని’లో రోమన్ లిపితో రాసేటప్పుడు దీర్ఘం కావాలంటే దానిని ప్రత్యేకంగా సూచించాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘ప్ర’ రావాలంటే పకారం, పొల్లు, రేఫ వరుసగా నొక్కాలి. అక్షరం హ్రస్వమా దీర్ఘమా, ద్విత్వమా సంయుక్తమా అని విద్యార్థి అడుగడుగునా తేల్చుకోవలసివస్తుంది. గురులఘు నిర్ణయానికి కావలసిన జ్ఞానమూ ఇదే.

కొన్ని అక్షరాలు కొట్టగానే పూర్తిపదాన్ని సూచించే కీబోర్డులో ఈ ప్రయోజనం తగ్గిపోతుంది. అక్కడ విద్యార్థి వర్ణక్రమాన్ని నిర్మించడు, ఎదుట కనిపించిన పదాన్ని ఎంచుకుంటాడు. పని తొందరగా ముగుస్తుంది, అభ్యాసం మిగలదు. కాబట్టి సాధనంతోపాటు దాన్ని చేరే మార్గాన్ని కూడా అధ్యాపకుడు ఎంపిక చేయాలి.

4. పదవిభాగం, సంధి: గణనకు అందనివి

ఈ వ్యాసకర్త తరగతి కోసం కూర్చుకున్న ఆటవెలది బేసిపాదం ఒకటి:

పాట పాడి వాడు ప్రజలకు నచ్చెను

‘పాట, పాడి, వాడు’ సూర్యగణాలు. ‘ప్రజలకు, నచ్చెను’ ఇంద్రగణాలు. ‘పా’కు నాలుగవ గణం మొదటి అక్షరమైన ‘ప్ర’తో యతి చెల్లింది. ‘వాడు’లోని ‘డు’ తరువాత సంయుక్తాక్షరం ఉన్నా, అది వేరే పదం మొదట ఉంది కనుక ‘డు’ లఘువుగానే నిలుస్తుంది. విద్యార్థి ఎడం ఇవ్వకుండా ‘వాడుప్రజలకు’ అని టైపు చేస్తే, అక్షరక్రమాన్ని మాత్రమే చూసే గణనలో ‘డు’ గురువవుతుంది, గణం చెడుతుంది. ‘సుఖప్రదము’ విషయం దీనికి విరుద్ధం. అది సంస్కృత సమాసం కనుక ‘ఖ’ గురువు. దానిని ‘సుఖ ప్రదము’ అని విడదీసి రాసి, ఎడాన్ని బట్టి లెక్కిస్తే ‘ఖ’ లఘువవుతుంది. రెండు సందర్భాల్లోనూ ఫలితాన్ని నిర్ణయించింది పదాల మధ్య ఎడం. ఆ ఎడాన్ని ఉంచవలసిందెక్కడో తెలియాలంటే పదమూ సమాసమూ తెలియాలి.

యతి విషయంలో ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. మరో రెండు పాదాలు:

అమ్మ తోడ నే శివాలయ మరిగితి
వాన లోన నే శివాలయ మరిగితి

రెండింటిలోనూ నాలుగవ గణం ‘వా’తో మొదలవుతుంది. కంటికి చూస్తే రెండవ పాదంలో ‘వా’కు ‘వా’ సరిపోయింది, మొదటి పాదంలో ‘అ’కు ‘వా’ సరిపోలేదు. సంధిని విడదీస్తే స్థితి మారుతుంది. శివ, ఆలయ అనే పదాల కలయికలో యతిస్థానాన ఉన్నది ‘ఆ’ అనే అచ్చు. దానితో ‘అ’కు స్వరయతి చెల్లుతుంది. అందువల్ల మొదటి పాదం నిర్దోషం. రెండవ పాదంలోనిది అఖండయతి. లాక్షణికులందరూ దానిని అంగీకరించలేదు. అంటే అక్షరాన్ని మాత్రమే చూసే లెక్క నిర్వివాదమైన పాదాన్ని తప్పుపట్టి, వివాదాస్పదమైన పాదాన్ని ఒప్పుకుంటుంది. సంధి నియమాలను చేర్చి సాధనాన్ని మెరుగుపరచవచ్చు. అప్పుడు కూడా అఖండయతిని ఆమోదించాలా వద్దా అన్నది లక్షణశాస్త్రానికి సంబంధించిన చర్చగానే మిగులుతుంది.

5. మూల్యాంకనంలో ఒక పొరపాటు

పై రెండు పాదాలను ఈ వ్యాసకర్త ఒక ప్రశ్నావళిలో ఇచ్చి, యతి నిర్వివాదంగా చెల్లిన పాదాన్ని ఎంచుకోమని అడిగాడు. సమాధానాలను పొందుపరిచేటప్పుడు తొందరపాటున రెండవ పాదాన్ని సరైనదిగా గుర్తించాడు. ప్రశ్నావళి తన పని తాను చేసింది. అక్షరాన్ని చూసి జవాబిచ్చినవారికి మార్కు వచ్చింది. ‘అమ్మ తోడ’ అనే పాదాన్ని ఎంచుకున్న ఒక విద్యార్థినికి సున్నా వచ్చింది. మరుసటి తరగతిలో ఆమె లేచి, “శివాలయంలో ఆలయం ఉంది కదా సార్, మరి అమ్మకు యతి ఎందుకు చెల్లదు?” అని అడిగింది.

ఆ ప్రశ్న వచ్చేవరకు పొరపాటు బయటపడలేదు. తప్పు అధ్యాపకుడిది. అయితే ఆ తప్పును క్షణంలో తరగతి అంతటికీ విస్తరింపజేసింది స్వయంచాలక మూల్యాంకనం. నోటిపాఠంలో ఇదే పొరపాటు జరిగి ఉంటే, ‘ఎందుకు’ అన్న ప్రశ్న అక్కడికక్కడే ఎదురయ్యేది. ప్రశ్నావళి జవాబును తీసుకుంది, కారణాన్ని అడగలేదు. లేచి అడిగే చొరవ లేని విద్యార్థి అయితే తాను సరిగా విన్నదానినే తప్పని నమ్మి ఊరుకునేది. చెవి మీద ఏర్పడుతున్న నమ్మకాన్ని ఇలా పోగొట్టడం ఒక మార్కు కోల్పోవడం కంటే పెద్ద నష్టం.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. తరగతిలో నోరు విప్పడానికి జంకే విద్యార్థులు ఫోనులో నిస్సంకోచంగా ప్రయత్నిస్తారు. పదిసార్లు తప్పు చేసినా నవ్వేవారు ఉండరు. ఈ మరుగు తెలుగు చదవడంలో వెనుకబడిన విద్యార్థికి నిజమైన ఆసరా. సాధనాలను పూర్తిగా తిరస్కరించేవారు ఈ ప్రయోజనాన్ని గుర్తించడం లేదు.

6. అనుసరించదగిన క్రమం

పై పరిశీలన నుంచి ఒక బోధనక్రమాన్ని సూచించవచ్చు. ముందుగా పద్యాన్ని బిగ్గరగా చదవాలి. ఒంటరిగా చదవలేనివారు బృందంగా చదవవచ్చు. తరువాత కాగితం మీద పదవిభాగం, గణవిభజన చేయాలి. ఆ పిమ్మటనే సాధనాన్ని తెరవాలి. ఫలితం తమదానితో సరిపోకపోతే ఆ స్థలాన్ని గుర్తించి కారణాన్ని ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. టైపింగు పొరపాటా, పదాల ఎడమా, సంధి విషయమా, తమ గణనలోని లోపమా తేల్చాలి. మార్కులు ఈ వివరణకు కేటాయించాలి.

ఈ పద్ధతికి ప్రతి విద్యార్థికీ ఫోను, డేటా అవసరం లేదు. నలుగురికి ఒక ఫోను, లేదా తరగతి అంతటికీ ఒక కంప్యూటరు, ప్రొజెక్టరు చాలు. పైగా ఒకే తెర ముందు నలుగురు వాదించుకోవడం వల్ల ప్రశ్న బయటికి వస్తుంది.

7. ముగింపు

అంతర్జాల సాధనం గణనలోని శ్రమను తగ్గిస్తుంది, అభ్యాసానికి అవకాశాలను పెంచుతుంది, సంకోచాన్ని తొలగిస్తుంది. పదమెక్కడ విరుగుతుందో, సంధిలో ఏ అచ్చు దాగి ఉందో వినగలిగే చెవిని అది ఇవ్వలేదు. ఆ చెవిని తయారుచేయడమే ఛందోబోధన లక్ష్యమైతే, సాధనాన్ని పఠనం తరువాత, వివరణకు ముందు నిలపడం సముచితం. ఆ ప్రశ్నావళిలో సమాధానాన్ని తరువాత సరిదిద్ది, దాని కింద ‘కారణం రాయండి’ అనే గడిని చేర్చడం జరిగింది. ఆ గడిలోని జవాబులను యంత్రం దిద్దలేదు. అధ్యాపకుడే కూర్చుని చదవాలి.