సూర్యుడే కొలబద్ద: పోతన పద్యములో ఆశ్చర్యము

సంగారెడ్డి జిల్లా జిన్నారం ప్రాంతమున పున్నమినాటి సాయంకాలము ఫ్యాక్టరీ పొగగొట్టము ప్రక్కగా లేచు చంద్రుడు ఎంతో పెద్దగా కనిపించును. రాత్రి కొంత గడచి ఆకాశమున పైకి వచ్చిన పిమ్మట చిన్నవాడైనట్లు తోచును. విద్యార్థి చేయి చాచి, చిటికెనవ్రేలు అడ్డుపెట్టి చూచినచో రెండు వేళలందును ఆ వ్రేలు చంద్రుని ఒకే రీతిగా కప్పివేయును. బింబము తరుగలేదు. సరసన పోల్చి చూచుటకు మనకు తెలిసిన వస్తువు లేకపోయినది. భ్రమకు ఇది ఒక కారణము.

ఆశ్చర్యమునకు పోలిక ఎంత ముఖ్యమో ఈ చిన్న పరీక్ష తెలుపును. పదునైదవ శతాబ్దమున బమ్మెర పోతన ఈ సంగతినే ఒక పద్యమునకు ప్రాణముగా చేసినాడు. అది భాగవతము అష్టమ స్కంధమున, బలిచక్రవర్తి యెదుట వామనుడు పెరుగు ఘట్టములోనిది.

కవికి ఇక్కడ ఒక చిక్కు కలదు. బ్రహ్మాండమును నింపు దేహమును ఎవరును చూచియుండలేదు. గొప్ప విశేషణములు ఎన్ని పేర్చినను మనస్సునకు కొలత దొరకదు. అందుచేత పోతన అందరును దినదినము చూచు సూర్యుని పట్టుకొన్నాడు. సూర్యుడు మొదట వామనునకు గొడుగు, పిమ్మట తలపై రత్నము, ఆపై వరుసగా చెవికి, మెడకు, భుజమునకు, ముంజేతికి ఆభరణము, నడుమునకు గంట, కాలికి అందె, తుదకు పాదముల క్రింద పీఠము. మొత్తము తొమ్మిది మెట్లు. సూర్యుడు ఉన్నచోటనే ఉన్నాడు. వామనుడు ఎంత ఎదిగినాడో పాఠకుడే లెక్కగట్టుకొనును.

పద్యపు నడక కూడ ఇందుకు తోడ్పడును. ప్రతి మెట్టున ‘ఐ’ అను అసమాపకక్రియ వచ్చుచుండుటచే వాక్యము ముగియదు. చదువువాడు ఊపిరి బిగబట్టవలసినదే. పెరుగుచున్నది ఎవరో చివరి పాదమున గాని కవి చెప్పడు.

ఇందు ఒక ఆక్షేపణకు తావు కలదు. సూర్యుని వ్యాసము సుమారు 14 లక్షల కిలోమీటర్లు. దేహము పెరిగినకొలది దానితో పోల్చగా సూర్యుడు చిన్నవాడై, తుదకు పాదములకడ ధూళికణము కావలెను. పోతన మాత్రము అందెకన్న పెద్దదైన పీఠమును చెప్పినాడు. అయితే కవి కొలిచినది ఎత్తును; వెడల్పును కాదు. పాఠ్యపుస్తకములలోని సౌరకుటుంబ చిత్రమును చూడుడు. ఒకే పుటలో గ్రహముల పరిమాణములను, దూరములను ఒకే స్కేలున చూపుట సాధ్యము కాదు. ఒకదానిని నిలుపుటకు మరొకదానిని విడువవలెను. పోతన చేసినదియు అదే.

1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 నౌక సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి తీసిన చిత్రమున భూమి ఒక చిన్న చుక్క మాత్రమే. అక్కడను మనలను నివ్వెరపరచునది శూన్యము కాదు. ఆ చుక్క మనము ఎరిగిన భూమి యగుట.

విజ్ఞానశాస్త్రము కొలతలతో ఆశ్చర్యమును చంపునని కొందరందురు. కొలత లేనిచో ఈ పద్యమే లేదు. దీనిని నగల పట్టికగా అప్పజెప్పించిన తరగతిలో మార్కులు మిగులును గాని వామనుడు పెరుగడు. ముందు పున్నమి చంద్రుని వ్రేలితో కొలిపించి, మరునాడు ఈ పద్యమును చదివించు ఉపాధ్యాయునకు వేరొక వ్యాఖ్యానముతో అంతగా పని యుండదు.