పదేండ్ల పిల్లవాని అభిమానము

ప్రాథమికశాలలో సహాయోపాధ్యాయులుగా చేరగోరువారు ఇంటర్వ్యూకు సిద్ధపడునప్పుడు, తమ చదువును గూర్చియు, తమ ఉత్సాహమును గూర్చియు ఏమి చెప్పవలెనా యని రాత్రులు మేల్కొని ఆలోచింతురే కాని, రేపు తాము ప్రక్కన కూర్చుండబోవు నాలుగైదు తరగతుల పిల్లలెట్టివారో యోచించుట అరుదు. మొన్న మా వీధిలోని గని కార్మికుని కుమార్తె, డి.ఇడి. ముగించినది, వచ్చి “సార్, ఏమేమి అడుగుతరో జెర చెప్పుండ్రి” అన్నప్పుడు, “ప్రశ్నల సంగతి తరువాత బిడ్డా, ముందుగాల పిల్లల తాన కూసో” అంటిని.

మా జైపూరు మండలమున సింగరేణివారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రమును, ఇందారము గనులను ఆశ్రయించి పలు ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములును, గోదావరి యొడ్డున తరతరములుగా సేద్యము చేయుచున్న కుటుంబములును కలవు. వీరందరి బిడ్డలును ఒక్క బల్లమీద కలియుదురు. రాత్రి షిఫ్టు దిగిన తండ్రి పగలు నిద్రించు ఇంట పెరిగి, గొంతెత్తి చదువుట అలవాటుపడని బిడ్డ తరగతిలో గొణిగినచో, దానిని మాంద్యమని ఎంచరాదు.

ఒకటవ తరగతి శిశువు తనకు రానిది రాదని బాహాటముగా చెప్పును, పదియేండ్లవాడు దాచును. రెండవ తరగతి వాచకమును చదువలేని ఐదవ తరగతి బాలుడు, ప్రక్కవాని పెదవుల కదలిక చూచి పద్యము కలుపును, నీళ్ళకని బయటికి పోవును, పెన్సిలు పోయినదనును, అల్లరి చేసి తిట్లు తినుటకైనను సిద్ధపడును గాని, తెలియదన్న మాట నోట రానీయడు. వాని అభిమానమునకు భంగము కలుగకుండ వానికి చేయూతనిచ్చుటయే ఈ యుద్యోగమునందలి సారమని నా దృఢవిశ్వాసము. అందరు చూచుచుండగా వానిని వేరుచేసి కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించుట సహాయము కాదు. గుంపులోని నలుగురికిని ఒక పని యిచ్చి, ఆ నలుగురిలో వాని దగ్గర రెండు నిమిషములు ఎక్కువ నిలుచుట సహాయము.

ఇంటర్వ్యూలోని డెమో పాఠమునకు ఆ అమ్మాయి భిన్నములు ఎన్నుకొనగా, నేను తీసివేతనే చేయుమని కోరితిని. 402 నుండి 175 తీయుమన్నచో, పలువురు పిల్లలు ప్రతి స్థానమునను పెద్ద అంకెనుండి చిన్నదానిని తీసి 373 అని వ్రాయుదురు. “తప్పు” అని కొట్టివేయుట సులభము. దానికి బదులు, ఆ 373కు 175 కలిపి చూడుమనిన 548 వచ్చును. మొదట నున్న 402కంటె అది ఎక్కువైనదేమని వాడే నివ్వెరపోవును. ఆ క్షణమున మాటలాడక వేచియుండుట మిక్కిలి కష్టము, కాని ఆ నిరీక్షణమే బోధన. పిమ్మట నాలుగు వందనోట్లను, రెండు రూపాయి నాణెములను ముందుంచి, ఒక వందను పదినోట్లుగా, వానిలో నొకదానిని రూపాయలుగా మార్పించిన, 227 వాని చేతనే తేలును.

విద్యావేత్త గిజుభాయి బధేకా (1885–1939) రచించిన ‘దివాస్వప్న’లోని ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని చేపట్టి, తొలినాడు తన యేర్పాటు చెదరగా, కథ చెప్పుటకు పూనుకొని బిడ్డల మనస్సు గెలిచెను. ఇంటర్వ్యూకు పోవువారు ఏ మార్గదర్శికకంటెను ఆ చిన్న పుస్తకము చదువుట మేలు.

దండనను గూర్చి అడుగుట తథ్యము. 2009 విద్యాహక్కు చట్టపు 17వ విభాగము శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినదని చెప్పుట చాలదు. బల్ల తన్నిన పిల్లవానితో తాను ఏమనునో చెప్పవలెను. ఒక బిడ్డ తనకు జరిగిన హాని చెప్పి, “ఎవ్వరికి చెప్పద్దు మేడమ్” అన్నచో, అట్టి మాట ఈయక, ఓపికగా విని ప్రధానోపాధ్యాయునకు తెలుపవలెను. పిల్లల సహాయవాణి 1098 సంఖ్య యెట్లును జ్ఞాపకముండవలెను.

చివర “మీరేమైన అడుగుదురా?” అనిన, జీతము సంగతితో పాటు, “తరగతి టీచరుతో కూర్చుండి మాటలాడుటకు దినమున నాకెప్పుడు వీలగును?” అని కూడ అడుగుమంటిని; ఏ పిల్లవాడు ఎచ్చట ఆగిపోయెనో ఆ యిద్దరును చెప్పుకొనని బడిలో, ఎంతటి సహాయకురాలైనను నోటుపుస్తకములు దిద్దుటతోనే కాలము గడుపును.