పోటు మీద లెక్క

జనవరిలో తీరం వెంట పిట్టలను లెక్కపెట్టే వలంటీర్ల పని చూడటానికే తేలిక. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా ఇలాంటి వాళ్ళ కళ్ళ మీదే నడుస్తోంది.

బాపట్ల పక్కన సూర్యలంక ఇసుక, రేపల్లె దిగువన నిజాంపట్నం మడ అడవులు మధ్య ఆసియా వలసదారిలో ఉన్నాయి. ఇక్కడ పోటు వేళ తెలియందే పని సాగదు. నీరు తీసినప్పుడు ఉల్లంకి పిట్టలు బురదలో పురుగులూ నత్తలూ ఏరుకుంటూ చెల్లాచెదురుగా తిరుగుతాయి. పోటెక్కే కొద్దీ మునగని దిబ్బ మీద గుంపు కడతాయి. లెక్క అప్పుడే. ముందు పదింటిని ఎంచి, అవి ఎంత మేర నిలిచాయో కంటితో పట్టి, ఆ కొలతతోనే గుంపంతా కొలుస్తారు. గద్ద వచ్చి గుంపు లేచిందా, మళ్ళీ మొదటికే! ఏదైనా పిట్ట కాలికి రంగు జెండా కనిపిస్తే దాని మీది అక్షరాలు చదవాలి. జెండా ఎక్కడ కట్టారో ఆ రంగుతో, అక్షరాలతో తేలుతుంది. ఎండలో టెలిస్కోపు మీదికి వంగి ఇంత ఓపిక పట్టడం నిజంగా గొప్ప విద్య.

పిట్టల కోసం పాటుపడేవాళ్ళు తీరం మీదే కాదు, లోపలి ఊళ్ళలోనూ ఉన్నారు. తెనాలి నుంచి గుంటూరు వైపు వెళ్తే ఉప్పలపాడు. ఊరి చెరువులో గూడబాతులు గూళ్ళు కడతాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా నిలిపారు. ఆ పిట్టలకు కాపలా ఊరివాళ్ళే.

ఒక జాతి మొత్తంలో ఒక శాతం పిట్టలు ఒకేచోటికి క్రమం తప్పకుండా వస్తే, చిత్తడినేలల కోసం చేసుకున్న రాంసర్ ఒప్పందం ప్రకారం ఆ చిత్తడినేలకు అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్నట్టే. ఆ శాతాన్ని తేల్చేది లెక్కపెట్టే వలంటీర్ల నోటుపుస్తకాలే.