పెన్సిలు గీత ఖర్చెంత?

ఏలూరు తివాచీ మగ్గానికెక్కే ముందే దాని పువ్వూ రంగూ గళ్ల కాగితం మీద ఖరారవుతాయి. గడికొక ముడి. ఉన్ని ముళ్లు పడ్డాక పువ్వును పక్కకు జరపమంటే వరసలకు వరసలు విప్పాల్సిందే. అందుకే ఆ కాగితానికి పెట్టిన డబ్బును దండగ అనుకోరు.

డిజైన్ పనిలో ఉన్న మేం మాత్రం కంపెనీ పెద్దల ముందు ఇదే మాట మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది. "కంప్యూటరుందిగా, ఈ పెన్సిలు బొమ్మలెందుకు?" అంటారు. జీతాలిచ్చేవాళ్లు గంటలు లెక్క చూసుకోవడం న్యాయమే. జవాబు కూడా ఆ లెక్కలోనే చెప్పాలి.

కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్నే తీసుకోండి. దాని రెక్కలు నీటికి ప్రాణవాయువు అందించడంతో ఆగవు, నీటిని తిప్పి అడుగు మడ్డిని చెరువు నడిమికి తోస్తాయి. కాబట్టి యంత్రం ఎంత బాగున్నా, దాన్ని ఏ మూల, ఎటు తిప్పి నిలిపామన్నది తేలాలి. తళతళలాడే కంప్యూటర్ బొమ్మలో ఇది కనబడదు. చెరువును నలుచదరంగా గీసి, నీటి పోకకు నాలుగు బాణాలు వేసి గట్టుమీద రైతుకు చూపిస్తే ఆయనే పెన్ను అందుకుంటాడు. "ఈ మూలకి కరెంటు తీగ ఎలా లాగుతారండీ? మేత పడవ ఇటే కదండీ తిరిగేది?" అంటాడు. అప్పుడు రెండు గీతలు కొట్టేస్తే సరిపోతుంది. అచ్చులు పోయించాక ఆ మాట వింటే అచ్చులన్నీ పాతసామాను కిందికే.

మెరుగులు దిద్దిన బొమ్మకు మనిషి "బాగుంది" అని ఊరుకుంటాడు. సగం గీసినదాన్ని చూస్తే "ఇలా చేస్తే?" అంటాడు. డిజైన్ పరిశోధకుడు బిల్ బక్స్‌టన్ 2007లో స్కెచ్ గురించి రాసిన పుస్తకంలో ఈ తేడానే పట్టుకున్నారు: స్కెచ్ ప్రశ్న వేస్తుంది, ప్రొటోటైప్ జవాబిస్తుంది. మన నరసాపురంలో పుట్టిన సినీ దర్శకుడు బాపు షాట్లను ముందే బొమ్మలుగా గీసుకుని షూటింగుకు వెళ్లేవారు. ఫిల్ము అడుగడుగునా డబ్బే కనక, ఆ గీతలు నిర్మాత జేబుకు కాపలా కాశాయి.

పెద్దలను ఒప్పించడానికి స్లైడ్లు పనికిరావు. అరగంట అడిగి, ఒకే యంత్రానికి ఐదారు రకాల గీతలు బల్లమీద పరచండి. ఏది గొప్పదో వాదించొద్దు. పెన్సిలు వాళ్ల ముందుకు జరపండి. బొమ్మ రాదని మొహమాటపడితే డబ్బాలూ బాణాలూ చాలని చెప్పండి. తమ చేత్తో గీత మార్చిన ఎండీగారు మళ్లీ ఎందుకని అడగడం నేను చూడలేదు.

యాజమాన్యాలకు నాదొక మనవి. తాడేపల్లిగూడెం నిట్ లాంటి చోట్ల చదివిన పిల్లలను చేర్చుకునేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్లు వచ్చో అడగండి, గీతల నోటుబుక్కు కూడా అడిగి చూడండి. మొదటి నెల వాళ్లను ఆ నోటుబుక్కుతో చెరువు గట్లకే పంపండి.